వేలు పడని వాళ్ళు

ఆ ఫోటోలో కుడి అంచున, తెల్ల తువ్వాలు కొస పట్టుకుని కనిపిస్తున్న చెయ్యి నాది. చిటికెన వేలు మొదటి కణుపు దగ్గర వంకరగా ఉంది. చిన్నప్పుడు పత్తి బండి మీద నుంచి పడి విరిగి, సరిగ్గా అతకని వేలు. ఫోటో మధ్యలో ఉన్నది మా వీధి చివరి ఇంటి ఆవిడ. ఫోటో ఉన్న కాగితం పోలీసులు తెచ్చింది.

ఆ రోజు ఉదయం ఆవిడ ఇంటి ముందు ఒక మోటారు సైకిలు, ఒక అద్దె కారు వచ్చి ఆగాయి. మోటారు సైకిలు మీద వచ్చింది మా స్టేషన్ కానిస్టేబులు. కారులో వచ్చిన ఇద్దరూ మామూలు బట్టల్లో ఉన్న ఉత్తరాది పోలీసులు. ఆవిడ పనికి బయల్దేరబోతూ క్యారేజీ మూత బిగిస్తోంది. భర్త పరుపులు కుట్టే మనిషి. వాకిట్లో దూది పరుచుకుని దబ్బనంతో కుట్లు వేస్తున్నాడు. వచ్చినవాళ్ళలో పెద్దాయన కాగితం మీద పేరు చూశాడు. ముస్లిం పేరు కదా అని ఆవిడతో నేరుగా హిందీలో మొదలుపెట్టాడు.

"నాకు రాదు సార్. మా తాతల కాణ్ణుంచీ మాది తెలుగే," అందావిడ.

ఆయన నమ్మలేదు. నటిస్తోందన్నట్టు చూశాడు. పత్రికలో పనిచేసి రిటైరైన వాణ్ణి కాబట్టి, పోలీసులనగానే వీధిలో అందరికీ నేను గుర్తొస్తాను. ఎవరో వచ్చి పిలిస్తే వెళ్ళాను. నేను వెళ్ళేసరికి కానిస్టేబులు తెలుగులో చెబుతున్నాడు. ఈవిడ పేరు మీదున్న ఒక నంబరు నుంచి ఎవరో ఈ పోలీసుల రాష్ట్రంలో ఒక ముసలాయనకు ఫోన్ చేశారట. మేం పోలీసులం, నీ పేరుతో వచ్చిన పార్సిల్లో మత్తుమందు దొరికింది అని బెదిరించి, ఉన్నదంతా ఊడ్చుకున్నారట.

"నేనా? పోలీసునని నేను చెప్పానా?" అందావిడ. "నన్ను చూస్తే నీకట్టా ఉందా అయ్యా?"

"దానికి హిందీయే వస్తే నన్నెప్పుడో అమ్మేసేది సార్," అన్నాడు భర్త, దబ్బనం ఆపకుండా. అంతలోనే తన మాట తనకే నచ్చలేదేమో, దబ్బనం దూదిలో గుచ్చి లేచి నిలబడ్డాడు.

పదిహేను రోజుల్లో వాళ్ళ నగరానికి వచ్చి విచారణకు హాజరు కావాలని నోటీసు. రైల్లో రెండు రాత్రుళ్ళ ప్రయాణం. గుంటూరు దాటి ఒంగోలు దాకా తప్ప ఎక్కడికీ వెళ్ళని మనిషి. వెళ్తే తిరిగి పంపుతారో లేదో కానిస్టేబులు కూడా చెప్పలేకపోయాడు. "ఆ నంబరు మీది కాదని మీరే రుజువు చేసుకోవాలమ్మా," అన్నాడు. తనది కానిదాన్ని తనది కాదని ఎలా రుజువు చేసుకోవాలో ఆవిడ అడిగింది.

అప్పుడే కాగితం నా చేతికిచ్చారు. సిమ్ కార్డు తీసుకునేటప్పుడు నింపిన దరఖాస్తు అది. పేరు, చిరునామా, ఆధార్ కార్డు నంబరు, పక్కన ఫోటో. ఆ ఫోటోలో నా వేలు.

"ఈ చెయ్యి నాది," అన్నాను.

"ఏ చెయ్యి సార్?" అన్నాడు కానిస్టేబులు.

నా చెయ్యి ఫోటో పక్కన పెట్టి చూపించాను. కానిస్టేబులు వంగి చూశాడు. ఉత్తరాది ఆయనకు హిందీలో ఏదో చెప్పాడు. ఆయనా వంగి చూశాడు. ఇద్దరూ ఏమీ రాసుకోలేదు.

అంతకు తొమ్మిది నెలల ముందు మాట. మిర్చి సీజను. మార్కెట్ యార్డు గేటు దగ్గర టీ తాగడం నాకు ఉద్యోగం ఇచ్చిన అలవాటు. ఏళ్ళ తరబడి రోజూ అక్కడ నిలబడి ధరలు రాసుకుని పత్రికకు పంపాను. ఇప్పుడు పంపేది లేకపోయినా వెళ్ళి నిలబడతాను. ఘాటుకి తుమ్మడం కూడా మానేసింది నా ముక్కు.

ఆవిడ యార్డుకు దగ్గర్లోని కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయలకు తొడిమలు తీసే ముఠాలో పనిచేస్తుంది. ఆ మధ్యాహ్నం గేటు బయట రంగుల గొడుగు కింద ఒకతను సిమ్ కార్డులు ఇస్తున్నాడు. రీఛార్జి చేయించక ఆవిడ పాత నంబరు పోయింది. రేషన్ దగ్గర, ఆసుపత్రి దగ్గర అందరూ నంబరు అడుగుతున్నారు. నన్ను చూసి కేకేసింది.

"అన్నా, కాస్త ఇటొచ్చి నిలబడు. ఈయన నన్నేమన్నా మాయ చేస్తాడేమో."

"అన్నగారు పక్కనుంటే మనమెక్కడ మాయ చేస్తామండీ," అని నవ్వాడు గొడుగు కింది మనిషి. నలభై అయిదేళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఆవిణ్ణి పిన్నిగారూ అన్నాడు. కూర్చోమని స్టూలు జరిపాడు. ఎండలో వచ్చారంటూ తన సీసాలో నీళ్ళిచ్చాడు. ఆ మర్యాద తలుచుకుంటే ఇప్పటికీ నాలుక మీద ఏదో చేదు తగులుతుంది.

వేలిముద్ర మిషన్ ముందు పెట్టాడు. ఆవిడ బొటనవేలు పెట్టింది.

"పడలేదు పిన్నిగారూ. తలకు రాసి పెట్టండి."

ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. సీజనంతా తొడిమలు తీసే ఆడవాళ్ళ వేళ్ళు చర్మం ఊడి, మంటెక్కి, చివరికి సబ్బుబిళ్ళలా నున్నగా అవుతాయి. గీతలుండవు. రేషన్ దుకాణంలో ప్రతి నెలా ఇదే తంతు. బొటనవేలు పడదు. చూపుడు వేలు పెట్టమంటాడు, అదీ పడదు. నిమ్మచెక్కతో రుద్దమంటాడు, తలకు రాసుకోమంటాడు. జుట్టుకున్న నూనె కాస్త అంటితే ముద్ర పడుతుందని అందరికీ తెలుసు. నాలుగోసారికో అయిదోసారికో పడుతుంది. వెనక వరసలో వాళ్ళు తిడుతుంటారు. వేలు పడలేదన్న మాట మా వైపు కరెంటు పోయిందన్నంత మామూలు. ఆ మాట అబద్ధం కావచ్చని ఎవరికీ తట్టదు.

ఆవిడ వేలు తలకు రాసి మళ్ళీ పెట్టింది. పడలేదన్నాడు. నేనే ఆవిడ బొటనవేలు పట్టుకుని నా తువ్వాలుతో తుడిచాను. "గట్టిగా నొక్కమ్మా," అన్నాను. ఆ మాట అన్నది నేను, అతను కాదు. మూడోసారీ పడలేదట. నాలుగోసారి, "హమ్మయ్య, అల్లా దయ," అన్నాడు, ఆవిడ కన్నా ముందే.

తర్వాత ఫోటో. వెనక తెల్లగా ఉండాలన్నాడు. "సార్, ఆ తువ్వాలు ఒక్క నిమిషం పిన్నిగారి వెనక పట్టుకోరూ." పట్టుకున్నాను. కళ్ళు మూశారు, ఇంకోసారి అన్నాడు. పమిట అడ్డమొచ్చింది, ఇంకోసారి అన్నాడు. వెలుగు చాల్లేదు, ఇంకోసారి అన్నాడు. నేను తువ్వాలు పట్టుకునే ఆ పూట తేజ రకం మిర్చి ఎంత పలికిందని పక్కనున్న హమాలీని అడుగుతున్నాను. అతని ఫోను తెర అతనివైపే ఉంది. నలుగురు మాట్లాడుతుంటే చివరి వాడి చేతిలో కాగితం తలకిందులుగా చదవగలగడం మా వృత్తిలో మొదట నేర్చుకునే విద్య. ఆ విద్య వంటబట్టిన నేను, ఒక్కసారి ఆ తెర ఇటు తిప్పమని అడగలేదు.

నాలుగు వేలిముద్రలు, నాలుగు ఫోటోలు. ఆవిడ చేతికి వచ్చింది ఒక సిమ్.

పోలీసులు వెళ్ళాక ఆవిడ ఫోను తీసుకుని మా ఇంటికి వచ్చింది. భర్త వెంట వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. ఒక మనిషి పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో చూసుకునే ప్రభుత్వ వెబ్‌సైటు ఒకటుంది. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడే దాని గురించి చిన్న వార్త రాశాను. రాశాను గానీ ఎప్పుడూ తెరిచి చూడలేదు. ఆ రోజు తెరిచాం. ఆవిడ ఫోనుకు వచ్చిన ఓటీపీ కొట్టగానే జాబితా వచ్చింది. నాలుగు నంబర్లు. మధ్య అంకెల చోట చుక్కలు.

"నా పేరు మీద నలుగురున్నారా?" అంది.

"నువ్వు కాక ముగ్గురు," అన్నాను.

"ఒక్క ఫోనుకే బ్యాలెన్సు వేయించుకోలేక చస్తుంటే!" అని, ఫోను పక్కన పెట్టి, "నువ్వక్కడే ఉన్నావు కదన్నా," అంది.

తిట్టినట్టు అనలేదు. నిజంగా అర్థంకాక అడిగింది. భర్త గుమ్మంలోంచి, "ఆయన తువ్వాలు పట్టుకున్నాడే. పెళ్ళిలో తెర పట్టినట్టు," అన్నాడు. ఆ ఎత్తిపొడుపు నాకు తగినదే.

మూడు నంబర్ల పక్కనా ఇవి నావి కావు అని నొక్కి ఫిర్యాదు పెట్టాం.

మర్నాడు యార్డు గేటు దగ్గరికి వెళ్ళాను. అదే చోట అదే కంపెనీ గొడుగు, కింద వేరే మనిషి. పాత మనిషి గురించి అడిగాను. "వాడా? సీజను మనిషండి. కాయ అయిపోగానే పోయాడు. ఈ ఏడు ఏ ఊళ్ళో ఉన్నాడో," అన్నాడు. ఒకాయన దగ్గర నుంచి మిషను తెచ్చుకునేవాడట, ఆ ఒకాయన ఎవరో ఇతనికి తెలియదట. నేను మాజీ విలేకరినని తెలిశాక కుర్చీ వేసి టీ చెప్పాడు. అప్పుడు, రహస్యమేమీ కానట్టు, వంకాయల గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"వేళ్ళు బాగున్నోళ్ళు ఒకసారికే లేచిపోతారండి. రెండోసారి పెట్టమంటే ఎందుకూ అంటారు. ఈ తొడిమలు తీసే ఆడాళ్ళయితే పదిసార్లు పెట్టమన్నా పెడతారు. పైగా సారీ చెబుతారు. అందుకే ఈ గేటుకి అంత పోటీ. ఇలాంటి వేలు దొరకడం అదృష్టమండి."

"మరి నువ్వు?" అన్నాను.

"నేనట్టాంటి పనులు చెయ్యను సార్," అన్నాడు. మాట్లాడుతూనే కూలీ మనిషి ఒకామె వస్తే, పిన్నిగారూ కూర్చోండి అని స్టూలు జరిపాడు.

అయినా ఆ టీ పూర్తిగా తాగి వచ్చాను. అతని మీద ఎంత ఏవగింపు కలిగిందో, గ్లాసు కింద పెట్టిన నా మీదా అంతే కలిగింది. ఎవరి బాధ్యత ఎంతో లెక్క వేస్తే అతనికీ నాకూ మధ్య దూరం నేననుకున్నంత లేదు.

అసలు శిక్ష ఆవిడకు మరోవైపు నుంచి వచ్చింది. పోలీసులు వచ్చి వెళ్ళిన మూడో రోజు ముఠా పెద్ద ఆవిణ్ణి పనిలోకి రావద్దంది. ముఠా పెద్ద కూడా ఆడమనిషే. గట్టి గొంతు, ముప్పైమందిని ఒంటి చేత్తో నడిపిస్తుంది. వెళ్ళి మాట్లాడాను.

"దొంగతనం చేసిందని నేనన్నానా అన్నా? అది చేసేంత తెలివైంది కాదు. గొడవ తేలాక రమ్మన్నా. రేపు పోలీసులు స్టోరుకొస్తే ఓనరు అందర్నీ ఆపేస్తాడు."

"ఆవిడకి జరిగింది మీలో ఎవరికైనా జరిగి ఉండొచ్చు. చూసుకున్నారా?"

ఆమె తన వేళ్ళు చూసుకుంది.

ఆ మధ్యాహ్నం అన్నాల వేళ స్టోరు బయట మిర్చి బస్తా మీద కూర్చుని ఒక్కొక్కరి ఫోనే తీసుకుని ఆ వెబ్‌సైటు తెరిచాను. మా వీధి ఆవిడ కూడా వచ్చి దూరంగా నిలబడింది. మొదట్లో వేళాకోళంగానే సాగింది.

"నాకు రెండే. నీకెన్నే?"

"నాకు అయిదు."

"అయిదు ఫోన్లున్నదానివి, మొన్న మిస్సుడ్ కాల్ ఇవ్వడానికి నా ఫోను అడిగావేమే!"

ముఠా పెద్ద అందరికన్నా చివర కూర్చుంది. ఆమె పేరు మీద మూడు వచ్చాయి. ఆమె ఫోను తీసుకుని పమిట చెంగుతో తుడిచి, దూరంగా ఉన్న ఆవిణ్ణి చూసి, "అక్కడేం చేస్తున్నావే? రేప్పొద్దున ఆలస్యం చెయ్యకుండా రా," అంది.

దీని గురించి నేను పనిచేసిన పత్రికకే రాసి పంపాను. గేటు, గొడుగు, నున్నటి వేళ్ళు, అన్నీ రాశాను. మూడో రోజు లోపలి పేజీలో అరచేతి వెడల్పు పెట్టెలో వచ్చింది. పైన, అపరిచితులకు వేలిముద్ర ఇవ్వొద్దు అని శీర్షిక. తప్పంతా వేలు పెట్టినవాళ్ళదే అయింది. డెస్కులో కుర్రాళ్ళను తిట్టుకోబోయి ఆగాను. అలాంటి శీర్షికలు సర్వీసంతా పెట్టింది నేనే. ఓటీపీ చెప్పొద్దు, అప్రమత్తంగా ఉండాలి, అత్యాశకు పోవద్దు. డబ్బు పోయినవాళ్ళ ఇంటికి మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు. ఫోన్లో ఎస్సై చెప్పింది రాసుకుని, పెట్టెలో బిగించి, ఇంటికి పోయేవాణ్ణి.

ఆ తర్వాత నేను కొన్ని అలవాట్లు చేసుకున్నాను. ఎవరికి ఆధార్ జిరాక్సు ఇచ్చినా దాని మీద అడ్డంగా రెండు గీతలు గీసి, ఎందుకిస్తున్నానో, తేదీతో సహా రాస్తాను. లాడ్జీలో గుమాస్తా, "ఇదేంటి సార్, మీ కార్డు మేం తింటామా?" అన్నాడు. తినరు గానీ, అతని బల్ల మీద వచ్చినవాళ్ళ కార్డుల జిరాక్సులు దొంతరగా పడి ఉన్నాయి. పై కాగితం మీద అతని టిఫిన్ పొట్లం ఉంది. చట్నీ నూనె ఎవరిదో ముఖం మీదకు ఇంకింది. గీతలు గీయకుండా ఇలాంటి బల్లల మీద నేను ఇన్నేళ్ళూ ఎన్ని వదిలి వచ్చానో నాకే తెలియదు.

ఆవిడ వేలిముద్రకు తాళం వేయించాను. ఆధార్‌లో ఆ వీలుంది. తాళం వేస్తే ఎవరు ఎక్కడ నొక్కించుకున్నా ఆ వేలు చెల్లదు. రేషన్ దుకాణంలో కూడా చెల్లదు. అందుకని ప్రతి నెలా బియ్యం రోజున పొద్దున్నే ఆవిడ ఫోను పట్టుకుని మా ఇంటికి వస్తుంది. తాళం కాసేపు తీస్తాను. ఆ వ్యవధిలోనే పరుగెత్తి వెళ్ళి వేలు పెట్టాలి. పడకపోతే, మళ్ళీ రావాలి.

"దొంగోడు హాయిగా ఉన్నాడు. తాళాలు నాకు," అందొకసారి.

ఇప్పుడు సిమ్ తీసుకోవాల్సి వస్తే ముఠాలో ఎవరైనా ముందు ఫోను తెర తమవైపు తిప్పించుకుంటారు. పడలేదంటే, ఏదీ చూపించు అంటారు. చదువు రానివాళ్ళు కూడా అంటారు. ఇది నేను నేర్పింది కాదు, ఆవిడ నేర్పింది. గొడుగు వాళ్ళు ఆ గేటు వదిలి తుళ్లూరు వైపు పోయారని టీకొట్టు దగ్గర విన్నాను. అక్కడ రాజధాని పనులకు వచ్చిన కూలీలు బాగా ఉన్నారు. సిమెంటు తిన్న వేళ్ళు కూడా పడవు.

నోటీసు గడువుకు రెండు రోజుల ముందు మా స్టేషన్‌లోనే ఆవిడ వాంగ్మూలం తీసుకుని ఆ రాష్ట్రానికి పంపారు. ప్రస్తుతానికి వెళ్ళనక్కర్లేదన్నారు. అవసరమైతే పిలుస్తారన్నారు. నేను కూడా సంతకం చేస్తానన్నాను. నాలుగు సార్లు వేలు పెట్టించిన సంగతి, తువ్వాలు సంగతి రెండు పేజీలు రాసి తీసుకెళ్ళాను. స్టేషన్‌లో రాతపనులు చూసే రైటరు తిరగేసి, "ఫోటోలో చెయ్యి సాక్ష్యమెలా అవుతుంది సార్, మొహం ఉంటే వేరు," అని తిరిగి ఇచ్చాడు. ఆ రాష్ట్రం పోలీసులకే పోస్టులో పంపాను. జవాబు లేదు.

మూడింటిలో పోలీసులు పట్టుకొచ్చిన నంబరు అప్పటికే ఆగిపోయింది. రెండోది ఫిర్యాదు పెట్టిన కొన్నాళ్ళకు జాబితాలోంచి పోయింది. మూడోదాని పక్కన పరిశీలనలో ఉంది అని ఉంది. బియ్యం రోజున తాళం తీసినప్పుడల్లా అది కూడా చూడమంటుంది ఆవిడ. ఈ నెల కూడా చూశాం. ఆ నంబరు ఇంకా ఆవిడ పేరు మీదే ఉంది.